పర్లాకిమిడి ప్రొబేటు పాతపట్నంలో చెల్లుతుందా?

కాపురం పర్లాకిమిడిలో, పొలం పాతపట్నం మండలంలో. లేదంటే కొట్టు గుణుపురంలో, మెరక భామినిలో. మన సరిహద్దు ఊళ్ల తెలుగు కుటుంబాల్లో ఇది వింతేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. గీత గీసినవాళ్లు ఎవరి మడి ఎటు పడిందో చూసుకుని గీయలేదు. యజమాని బతికున్నన్నాళ్లూ ఆ గీతతో పెద్ద పేచీ రాదు. ఆయన పోయాక వీలునామా పట్టుకుని రెండు రాష్ట్రాల ఆఫీసులూ తిరగాల్సి వచ్చినప్పుడు మొదలవుతుంది చిక్కు. వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే కాగితమే ప్రొబేటు. ఒడిశా కోర్టు ఇచ్చిన ప్రొబేటు ఆంధ్రాలో పనికొస్తుందా?

జిల్లా జడ్జి ఇచ్చిందైతే దాదాపు ఎప్పుడూ పనికిరాదు. హైకోర్టు ఇచ్చిందైతే పనికొస్తుంది. ఈ ఒక్క తేడా ముందే తెలియక ఏడాదిపాటు వాయిదాలు తిరిగి, చేతికొచ్చిన ప్రొబేటుతో అవతలి రాష్ట్రం ఆఫీసు గుమ్మం దగ్గర ఆగిపోయేవాళ్లు ఎక్కువ.

ఈ సంగతి భారత వారసత్వ చట్టం, 1925లోని 273వ సెక్షన్‌లో ఉంది. జిల్లా జడ్జి ఇచ్చిన ప్రొబేటుకు ఆ రాష్ట్రం మొత్తం మీద బలం ఉంటుంది, రాష్ట్రం దాటితే ఉండదు. దీనికి చట్టమే ఒక మినహాయింపు ఇచ్చింది. చనిపోయిన మనిషికి ఆ జడ్జి పరిధిలోనే స్థిరనివాసం ఉండి, రాష్ట్రం బయట ఉన్న ఆస్తి విలువ 10,000 రూపాయలు మించదని జడ్జి సర్టిఫై చేస్తే, ఆ ప్రొబేటు మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. పదివేలు! ఇవాళ పాతపట్నం పక్కన ఆ డబ్బుకు సెంటు నేల కూడా రాదు. మినహాయింపు పుస్తకంలో ఉంది, మన పనికి మాత్రం లేనట్టే. అదే సెక్షన్ హైకోర్టు ఇచ్చిన ప్రొబేటుకు అన్ని రాష్ట్రాల్లోనూ ఒకే బలం ఇచ్చింది.

చెప్పుకోవడానికి వీలుగా ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి పర్లాకిమిడి నివాసి. అక్కడ 6 డెసిమల్ల స్థలంలో ఇల్లు, పాతపట్నం మండలంలో 2 ఎకరాల 40 సెంట్ల మడి, భువనేశ్వర్లో కొడుకు దగ్గర ఉంటూ తన పేరున కొన్న ఫ్లాటు, బ్యాంకులో కొంత డిపాజిట్టు. వీలునామా తెలుగులో రాశారు, ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. ఈ నాలుగు ఆస్తులకూ దారి ఒకటి కాదు.

కోర్టు గుమ్మం ఎక్కేముందు తేల్చుకోవాల్సింది, అసలు ప్రొబేటు కావాలా అన్నది. మన ప్రాంతంలో దీనికి జవాబు వెనక పాత పటం ఉంది. హిందువుల వీలునామాలకు ప్రొబేటు తప్పనిసరి అన్న నియమం, ఆ చట్టంలోని 57, 213 సెక్షన్ల ప్రకారం, దేశమంతటికీ వర్తించేది కాదు. 1870 సెప్టెంబరు 1 నాటికి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు పాలనలో ఉన్న ప్రాంతాలకు, మద్రాసు, బొంబాయి నగరాల హద్దులకు మాత్రమే. ఆ తేదీన కటక్, భువనేశ్వర్ ఉన్న పూరీ, బాలేశ్వర్ బెంగాల్ కింద ఉన్నాయి. పర్లాకిమిడి ఉన్న గంజాం జిల్లా, జయపురం ఎస్టేటు మద్రాసు కింద ఉన్నాయి. అంటే ఒకే ఒడిశాలో పర్లాకిమిడి ఇంటికి ప్రొబేటు అక్కర్లేకపోగా, భువనేశ్వర్ ఫ్లాటుకు మాత్రం కావాల్సి వచ్చేది. వీలునామా ఎక్కడ రాసినా సరే, ఆస్తి ఆ పాత బెంగాల్ హద్దుల్లో ఉంటే నియమం పట్టుకునేది. చెన్నై నగరంలో ఇల్లున్నవాళ్లకూ ఇదే గతి ఉండేది. పాతపట్నం పొలానికి ఆ బెడద ఎప్పుడూ లేదు.

2025 డిసెంబరులో వచ్చిన రద్దు, సవరణల చట్టం 213వ సెక్షన్‌నే తీసేసింది. కాబట్టి భువనేశ్వర్ ఫ్లాటుకైనా ఇప్పుడు తప్పనిసరి అన్న మాట లేదు. ముస్లింలకు ఆ సెక్షన్ మొదటినుంచీ వర్తించలేదు, భారతీయ క్రైస్తవులకు 2002 సవరణతో పోయింది. అయినా పాత అలవాటు కొద్దీ ప్రొబేటు తెమ్మనే గుమాస్తాలు, సొసైటీ సెక్రటరీలు ఇంకొన్నాళ్లు ఉంటారు. వాళ్ల దగ్గరికి సవరణ కాగితం తీసుకుని వెళ్లడం మేలు.

తప్పనిసరి పోయింది గానీ ప్రొబేటు పోలేదు, కావాలంటే తెచ్చుకోవచ్చు. ఎవరు తెచ్చుకోవాలి? అన్నదమ్ముల్లో ఒకరైనా "ఆ సంతకం నాన్నది కాదు" అనే అవకాశం ఉన్నవాళ్లు. వీలునామా సాక్షులిద్దరికీ డెబ్భై దాటిన కుటుంబాలవాళ్లు. పొలం వెంటనే అమ్మబోతుండగా కొనేవాడి బ్యాంకు లీగల్ ఒపీనియన్‌లో ప్రొబేటు కావాలన్న మాట వచ్చినవాళ్లు. మిగిలినవాళ్లు, అంటే వారసులందరూ ఒక్క మాట మీద ఉండి, ఆస్తి అనుభవించుకోవడమే తప్ప అమ్మే ఆలోచన లేనివాళ్లు, వీలునామా, మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి అఫిడవిట్లు పెట్టి ఆంధ్రలో తహసీల్దారు దగ్గర, ఒడిశాలో తహసీల్ ఆఫీసులో పేరు మార్పించుకుంటే సరిపోతుంది. ఎవరైనా అభ్యంతరం పెడితే రెవెన్యూవాళ్లు వీలునామా నిజానిజాలు తేల్చరు, సివిల్ కోర్టుకు పొమ్మంటారు. అప్పుడు ప్రొబేటు గురించి ఆలోచించినా మించిపోయింది లేదు. కాకపోతే అప్పటికి సాక్షి బతికుండాలి.

ప్రొబేటు ఏం తేలుస్తుందో, ఏం తేల్చదో ఇక్కడే చెప్పుకోవాలి. ఈ వీలునామా ఆ మనిషి ఆఖరి వీలునామాయే, చట్టప్రకారం రాసిందే అని మాత్రమే ప్రొబేటు కోర్టు తేలుస్తుంది. ఆ పొలం ఆయనదేనా, తాతల నాటి ఉమ్మడి ఆస్తా, అందులో చెల్లెలికి భాగం ఉందా అన్నవి ఆ కోర్టు ముట్టుకోదు. పిత్రార్జితంలో తన వాటాకు మించి రాసిన వీలునామాకు ప్రొబేటు వచ్చినా, మించిన భాగానికి వేరే దావా పడుతుంది. ప్రొబేటు వచ్చింది కదా, ఆస్తి మనదైపోయింది అనుకుని అడ్వాన్సులు తీసుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇక కోర్టు ఎంపిక. మూడు దారులున్నాయి, ఏది మంచిదన్నది ఆస్తి ఎటువైపు ఎక్కువ ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

చాలామందికి తట్టని దారి ముందు చెబుతాను. 270వ సెక్షన్ ప్రకారం మనిషి నివాసం ఉన్నచోటే కాదు, ఆయన ఆస్తి ఏ కొంచెం ఉన్నా ఆ జిల్లా జడ్జికి అధికారం ఉంటుంది. పర్లాకిమిడి ఇంటికి పేరు మార్పు గొడవ లేకుండా అయిపోయి, తగువు పాతపట్నం పొలం మీదే ఉంటే, గజపతి జిల్లా కోర్టుకు వెళ్లడమే అనవసరం. నేరుగా శ్రీకాకుళం జిల్లా జడ్జి దగ్గర పిటిషన్ వేయాలి. ఆ ప్రొబేటు ఆంధ్రప్రదేశ్ అంతటా చెల్లుతుంది, మనకు కావాల్సిందీ అదే. 271వ సెక్షన్ కింద, మృతుడి నివాసం ఇక్కడ లేదు కాబట్టి నివాసం ఉన్న జిల్లాలోనే ఇది తేలడం న్యాయమని జడ్జి అనుకుంటే పిటిషన్ తిప్పి పంపే విచక్షణ ఉంది. అందుకే ఆస్తి, సాక్షులు, తగువు అన్నీ ఇటే ఉన్నాయని పిటిషన్‌లోనే విడమరిచి రాయించాలి.

రెండోది హైకోర్టు. 300వ సెక్షన్ ప్రకారం ప్రొబేటు విషయంలో జిల్లా జడ్జికి ఉన్న అధికారమే హైకోర్టుకూ ఉంది. రెండు వైపులా విలువైన ఆస్తి ఉండి, తగువు వచ్చేటట్టుంటే కటక్‌లోని హైకోర్టులో ఒక్కసారే తెచ్చుకోవడం మొత్తం మీద చవక. ఫీజులు ఎక్కువ, ప్రయాణాలు ఎక్కువ, సాక్షిని అంత దూరం తీసుకెళ్లాలి. నిజమే. కానీ రెండు జిల్లా కోర్టుల్లో రెండు సార్లు తిరగడం కంటే ఒకటి నయం.

మూడోది, ఇప్పటికే పర్లాకిమిడిలో జిల్లా ప్రొబేటు తెచ్చేసుకున్నవాళ్లకు పనికొచ్చేది. 228వ సెక్షన్ ప్రకారం, ఒక వీలునామా వేరే రాష్ట్రంలోని కోర్టులో రుజువై అక్కడే దాఖలై ఉంటే, దాని అధికారిక నకలు చూపించి ఈ రాష్ట్రం కోర్టులో లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (ఆస్తి వ్యవహారం నడపడానికి కోర్టు ఇచ్చే అధికారపత్రం) తీసుకోవచ్చు. వీలునామా అసలు ప్రతి మొదటి కోర్టు రికార్డులోనే ఉండిపోతుంది, 294వ సెక్షన్ ప్రకారం అది మనకు తిరిగి రాదు. కాబట్టి రెండో కోర్టుకు వెళ్లేది నకలుతోనే. ఆ నకలు కోర్టు ముద్ర, సంతకాలతో ఉన్న సర్టిఫైడ్ కాపీ అయి ఉండాలి, నోటరీ కొట్టించిన జెరాక్సు చాలదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒడిశాలో మీరు ఎగ్జిక్యూటరుగా (వీలునామా అమలు చేయమని అందులో పేర్కొన్న మనిషిగా) ప్రొబేటు తీసుకున్నా, శ్రీకాకుళంలో వచ్చేది లెటర్స్ మాత్రమే. లెటర్స్ తీసుకునే ప్రతివాళ్లూ 291వ సెక్షన్ కింద బాండు రాసివ్వాలి, జామీను కావాలి. ఆ జామీనుదారు శ్రీకాకుళం వైపు ఆస్తిపరుడైతే కోర్టుకు నమ్మకం. మేనమామో వియ్యంకుడో ఎవరు ముందుకొస్తారో పిటిషన్ వేసేముందే అడిగి పెట్టుకోవాలి. కోర్టు ఫీజు కూడా అక్కడి లెక్కన అక్కడ కట్టాలి.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి, ప్రొబేటుకూ లెటర్స్‌కూ తేడా. వీలునామాలో "నా తదనంతరం ఈ పని ఫలానా వారు నడపవలెను" అని ఎగ్జిక్యూటరును పేర్కొంటే ఆ మనిషికే ప్రొబేటు ఇస్తారు, 222వ సెక్షన్ ఇంకెవరికీ ఇవ్వనివ్వదు. మన ఊళ్లలో దస్తావేజు లేఖరులు రాసే వీలునామాల్లో ఆ వాక్యం తరచు ఉండదు. ఆస్తి ఎవరికి చెందాలో రాసి ఊరుకుంటారు. అలాంటప్పుడు అడగాల్సింది వీలునామా జతచేసిన లెటర్స్. ఇది చూసుకోకుండా ప్రొబేటు పిటిషన్ వేస్తే కోర్టు ఆఫీసు తప్పు పట్టి తిప్పి పంపుతుంది, రెండు మూడు నెలలు అక్కడే పోతాయి.

పిటిషన్‌లో ఏముండాలో 276వ సెక్షన్ చెబుతుంది: చనిపోయిన తేదీ, జతచేసింది ఆఖరి వీలునామా అన్న ప్రకటన, అది సక్రమంగా రాసిందన్న మాట, చేతికి రాబోయే ఆస్తి విలువ. ఆస్తిలో కొంత వేరే రాష్ట్రంలో ఉంటే, ఏ రాష్ట్రంలో ఎంత విలువది, అది ఏ జిల్లా జడ్జి పరిధిలో ఉంది అన్నది కూడా వేరుగా రాయాలి. ఈ చివరిది మర్చిపోవడం మనవాళ్లకు మామూలు. ఆంధ్రాలో ఆస్తి ఉందని రాయకపోతే, తర్వాత అన్నదమ్ముల్లో ఎవరో ఒకరు అదే పట్టుకుని, నిజం దాచి తెచ్చుకున్నారని ప్రొబేటు రద్దు అడుగుతారు. ఏ జిల్లా అన్నదీ జాగ్రత్తగా చూడాలి. 2022లో ఆంధ్రలో జిల్లాలు మారినప్పుడు భామిని, సీతంపేట, వీరఘట్టం, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రెవెన్యూ జిల్లా మారినంత మాత్రాన కోర్టు జిల్లా మారినట్టు కాదు. కోర్టు ఆఫీసులో అడిగి రాయించాలి.

సర్వే నంబర్ల దగ్గర ఇంకా చాలా మంది తప్పుతారు. ఒడిశాలో సెటిల్‌మెంటు అయ్యాక ప్లాటు నంబర్లు మారాయి. పాతదాన్ని సాబిక్ అంటారు, ఇప్పటిదాన్ని హాల్ అంటారు. ఎప్పుడో రాసిన వీలునామాలో సాబిక్ నంబరు ఉంటుంది, ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో తీసిన పట్టాలో హాల్ నంబరు ఉంటుంది. రెండూ ఒకే స్థలమని చూపే కాగితం తహసీల్ నుంచి తెచ్చి జతచేయకపోతే, ప్రొబేటు వచ్చాక కూడా రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అయిన ఆర్‌ఐ "ఈ నంబరు పట్టాలో లేదు" అని రిపోర్టు రాస్తాడు. ఆంధ్ర వైపు ఇప్పుడిదే కథ. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు బదులు ల్యాండ్ పార్శిల్ నంబరు వచ్చింది. కాబట్టి ఆస్తి షెడ్యూల్లో ఎటువైపైనా పాత నంబరు, కొత్త నంబరు, ఖాతా నంబరు, నాలుగు హద్దులు, కిసమ్ (నేల రకం) అన్నీ రాయించండి. కొలత దగ్గర మాత్రం తికమక లేదు. డెసిమల్ అన్నా సెంటు అన్నా ఎకరంలో నూరో వంతే.

పేర్లు మరో పెద్ద తలనొప్పి. తెలుగు పాస్‌పుస్తకంలో ఇంటిపేరు ముందు, ఒడియా పట్టాలో చాలాసార్లు వెనక, ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించి. తెలుగులో "రావు" ఒడియాలో "రాఓ" అవుతుంది. చనిపోయిన మనిషి తిరిగొచ్చి "రెండు పేర్లూ నావే" అని అఫిడవిట్ ఇవ్వలేడు. అందుకని పిటిషన్ శీర్షికలోనే ఆయన పేరు ఎన్ని రకాలుగా రికార్డులకెక్కిందో అన్ని రకాలూ "అలియాస్" పెట్టి రాయించాలి. కోర్టు ఇచ్చే కాగితం మీద అవన్నీ వస్తాయి. అప్పుడు ఏ ఆఫీసు కొర్రీ వేసినా అదే కాగితం జవాబు. ఇది ఖర్చులేని పని, కానీ పిటిషన్ వేశాక గుర్తొస్తే సవరణకు మళ్లీ ఒక దరఖాస్తు, ఒక వాయిదా.

మరణ ధ్రువపత్రంలో కూడా ఒక చిన్న విషయం చూడాలి. పర్లాకిమిడి మనిషి శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఆస్పత్రిలో పోతే, మరణం అక్కడే నమోదవుతుంది. అందులో శాశ్వత చిరునామా అన్నచోట పర్లాకిమిడి ఇంటి చిరునామా ఉండాలి. ఆస్పత్రి ఫారం నింపేటప్పుడు పక్కనున్న బంధువు తన చిరునామా రాసేయడం మామూలే. కోర్టు అధికారం "స్థిరనివాసం" మీద ఆధారపడుతుంది కాబట్టి, ఆ ఒక్క గడి తప్పయితే నివాసం రుజువుకు రేషన్ కార్డు, ఓటరు జాబితా, ఇంటిపన్ను రశీదులు మోయాలి. అసలు ప్రతులు కనీసం పది తీసుకోండి, రెండు రాష్ట్రాల్లో ఎవరూ జెరాక్సు నమ్మరు.

విలువ కట్టడం అటూ ఇటూ వేరు. ఒడిశాలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో బెంచ్‌మార్క్ విలువ, ఆంధ్రలో రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ సర్టిఫికెట్టు. వాటిని బట్టి ఆస్తుల జాబితా ఒకటి, అప్పులు, అంత్యక్రియల ఖర్చు జాబితా ఒకటి వేయాలి. రెండోది తీసేయగా మిగిలిన దాని మీదే కోర్టు ఫీజు. దశదిన ఖర్చుల బిల్లులు ఎవరూ దాచరు గానీ, ఆస్పత్రి బాకీ, బ్యాంకు లోను కాగితాలైనా పెట్టుకోండి. విలువ తగ్గించి రాసి తప్పించుకోవచ్చన్న ఆశ వద్దు. కోర్టు ఫీజుల చట్టం ప్రకారం పిటిషన్ సంగతి రెవెన్యూ అధికారులకు వెళుతుంది, వాళ్లు విలువ సరిచూస్తారు. ఫీజు కట్టందే ప్రొబేటు కాగితం చేతికి రాదు.

వీలునామా తెలుగులో ఉంటే పర్లాకిమిడి కోర్టులో అనువాదం జతచేయాలి, ఒడియాలో ఉంటే శ్రీకాకుళంలో. 277వ సెక్షన్ దీన్ని కోర్టు అనువాదకుడి చేత చేయించమంటుంది, ఆ భాషకు కోర్టులో అనువాదకుడు లేకపోతే భాష వచ్చినవాళ్లు చేసి ధ్రువీకరించవచ్చు. మడి, మెరక, కల్లం, పెరడు లాంటి మాటలకు అనువాదకుడు ఏం రాశాడో మీరే చదివి చూసుకోండి. మెరక కాస్తా ఇంటిస్థలమైపోతే తర్వాత దిద్దడం కష్టం.

సాక్షి ముఖ్యం. వీలునామా మీద ఇద్దరు సాక్షులు ఉండాలి, కోర్టులో కనీసం ఒక్కరైనా చెప్పాలి. వీలునామా రిజిస్టరు అయినా ఈ అవసరం తప్పదు. రిజిస్ట్రేషన్ ఉంటే అనుమానం తగ్గుతుంది, అంతే. దొరికే సాక్షి ఉంటే పిటిషన్ కిందే, 281వ సెక్షన్ ప్రకారం, ఆయన ధ్రువీకరణ సంతకం తీసుకోవాలి. ఇద్దరూ పోయి ఉంటే ఒక సాక్షి దస్తూరీ, చనిపోయినాయన సంతకం గుర్తుపట్టే మనుషుల్ని తేవాలి. పని జరుగుతుంది గానీ ఎదుటివాడికి అడ్డుపడే సందు పెరుగుతుంది. వీలునామాలు రాయబోయేవాళ్లకు ఒక మాట: సాక్షిగా మీ ఈడు స్నేహితుడిని పిలవకండి, ముప్ఫై ఏళ్ల కుర్రాడిని పిలవండి.

పిటిషన్ పడ్డాక సైటేషన్, అంటే అభ్యంతరం ఉన్నవాళ్లు రమ్మనే కోర్టు నోటీసు వెళుతుంది. కోర్టు గోడ మీద, కలెక్టరు ఆఫీసులో అంటిస్తారు, పత్రికలో వేయమంటారు. వేరే రాష్ట్రంలో ఆస్తి ఉందని రాశారు కాబట్టి, ఆ జిల్లా జడ్జికి కూడా ఒక ప్రతి వెళ్లి అక్కడ ప్రచురించాలని 283వ సెక్షన్ చెబుతుంది. మన కేసులు నెలల తరబడి కదలకుండా పడుండేది సరిగ్గా ఇక్కడే. ఆ ప్రతి వెళ్లిందా, అక్కడ అంటించారా, రిపోర్టు తిరిగొచ్చిందా అని మీ వకీలు గుమాస్తా ప్రతి వాయిదాకూ అడగాలి. పత్రికా ప్రకటన ఒడియా పత్రికలో వేసి ఊరుకోకుండా, తెలుగు దినపత్రిక శ్రీకాకుళం ఎడిషన్‌లోనూ వేయించండి. ఎవరూ అభ్యంతరం పెట్టకపోయినా ఆరు నెలలకు తక్కువలో తేలుతుందని ఎవరికీ మాటివ్వకండి. కేవియట్ (ఎవరైనా అభ్యంతరం చెబుతూ వేసే కాగితం) పడితే అది దావాగా మారుతుంది, ఇక ఏళ్ల లెక్క.

గడువు గురించి. చనిపోయిన 7 రోజులలోపు ప్రొబేటు, 14 రోజులలోపు లెటర్స్ ఇవ్వరు, దానికి తొందరపడేవాళ్లూ లేరు. పై హద్దు మూడేళ్ల లిమిటేషన్. ఆ మూడేళ్లు చావు రోజు నుంచి కాక, అడగాల్సిన అవసరం పుట్టినప్పటి నుంచి అని సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని కూర్చోవద్దు. ఆలస్యమే వీలునామా మీద మొదటి అనుమానం.

వీలునామా లేకపోతే? హిందూ కుటుంబాలకు లెటర్స్ తప్పనిసరి కాదు. వారసులందరి పేర్లతో ఒడిశాలో తహసీల్దారు ఇచ్చే లీగల్ హెయిర్ సర్టిఫికెట్టు పెట్టి ఇరువైపులా పేరు మార్చుకోవచ్చు. ఒడియా కాగితమైతే అనువాదం జతచేయండి. వారసుల పట్టిక వేసేటప్పుడు చనిపోయినాయన తల్లి బతికుంటే ఆమె కూడా భార్యాపిల్లలతో సమానంగా మొదటి తరగతి వారసురాలన్నది మర్చిపోతారు. ఆడవాళ్ల ఆస్తి అయితే పిల్లలతో పాటు భర్తకూ వాటా ఉంటుంది. పిల్లల్లేకుండా పోయిన ఆడమనిషికి పుట్టింటి వారసత్వంగా వచ్చిన భూమి తిరిగి తండ్రి వారసులకు వెళుతుంది. కానీ పసుపుకుంకుమ కింద రాసిచ్చింది దానమే తప్ప వారసత్వం కాదు. దానికి ఆ నియమం పట్టదు, అది భర్త వైపే పోతుంది. పాతపట్నం వైపు పిల్లను పర్లాకిమిడి ఇచ్చిన ఇళ్లలో ఈ తేడా మీదే మాటలు పెరుగుతాయి. చెల్లెళ్లు తమ వాటా వదులుకుంటే విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించాలి. రెండు రాష్ట్రాల భూమినీ ఒకే దస్తావేజులో కుక్కకండి. స్టాంపు డ్యూటీ ఎవరి రాష్ట్రానిది వారిది, అవతలి ఊరి ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టులో) ఆ లావాదేవీ కనపడదు.

బ్యాంకు డిపాజిట్టును ఈ గొడవలోకి లాగనక్కర్లేదు. నామినీ ఉంటే బ్యాంకు డబ్బు ఇచ్చేస్తుంది, నామినీ ఆ డబ్బు వారసుల తరఫున పుచ్చుకున్నట్టు లెక్క. నామినీ లేకపోతే బ్యాంకు సక్సెషన్ సర్టిఫికెట్టు అడగవచ్చు. అది నివాసం ఉన్నచోటి కోర్టులో తీసుకున్నా దేశమంతటా చెల్లుతుంది. ప్రొబేటుకు లేని ఈ సుఖం చూసి కొందరు పొలాన్ని కూడా అందులో రాయించబోతారు. అది బాకీలకు, షేర్లకు, డిపాజిట్లకు మాత్రమే. భూమికి పనికిరాదు.

ఏజెన్సీ నేలల దగ్గర ఇంకో గడప ఉంది. ఆంధ్ర వైపు 1/70 రెగ్యులేషన్ ప్రకారం వారసత్వంగా భూమి గిరిజనేతరుడికి దక్కినా, దాన్ని మరో గిరిజనేతరుడికి అమ్మడం చెల్లదు. ఒడిశా వైపు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1956 నాటి రెండో రెగ్యులేషన్ గిరిజనుల భూమికి కాపలా. ప్రొబేటు ఉందని ఈ రెండూ సడలవు. కొరాపుట్, సాలూరుల మధ్య కొటియా పల్లెల్లో భూమి ఉంటే, ఏ రాష్ట్రం కోర్టు అన్నదే వివాదంలో ఉన్న విషయం. అక్కడ హైకోర్టు ప్రొబేటు తప్ప మరోటి అడగకపోవడమే తెలివి.

కాగితం చేతికొచ్చాక ఆంధ్రలో వారసత్వంగా వచ్చిన హక్కును తహసీల్దారుకు 90 రోజుల్లో తెలపాలి, వన్-బిలో, అడంగల్‌లో, పాస్‌పుస్తకంలో పేరు మారిందో లేదో మీభూమిలో చూసుకోవాలి. ఒడిశాలో మ్యుటేషన్ దరఖాస్తు, ఆర్‌ఐ విచారణ, నోటీసు, ఆ తర్వాత కొత్త పట్టా. ఎగ్జిక్యూటరు వేరే మనిషి అయితే, ఆస్తి దక్కినవాళ్లకు ఆయన సమ్మతి రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి, లేకపోతే కొనేవాడి వకీలు అక్కడ వేలు పెడతాడు. 317వ సెక్షన్ ప్రకారం ప్రొబేటు వచ్చిన ఆరు నెలల్లో ఆస్తుల పట్టీ, ఏడాదిలో జమాఖర్చులు కోర్టులో దాఖలు చేయాలి. పదిమందిలో తొమ్మిది మంది ఇది చేయరు, ఎవరూ అడగరు కూడా. అడిగేది ఐదారేళ్ల తర్వాత, పొలం ధర పెరిగాక, అలిగిన అన్న వకీలు. కావాలని లెక్కలు ఇవ్వకపోవడం ప్రొబేటు రద్దుకు చట్టం చెప్పిన కారణాల్లో ఒకటి. అందుకని రెండు రాష్ట్రాల శిస్తు రశీదులు, కౌలు వసూళ్లు, కోర్టు ఖర్చులు ఒక పుస్తకంలో మొదటి రోజునుంచే రాసి పెట్టుకోండి.